కాళీయుడు ఏ ఫ్లాట్‌లో ఉంటాడు?

ఏడో తరగతిలో స్కూల్ యానివర్సరీకి నేను చెట్టు వేషం వేశాను. ఒంటి నిండా ఆకుపచ్చ క్రేప్ కాగితం, రెండు చేతుల్లో వేపకొమ్మలు. కదలకుండా నిలబడటం, అట్టగొడ్డలి పట్టుకొచ్చినవాడు నరికితే పడిపోవడం నా పని. చివర్లో భూమాత ఏడ్చింది, గొడ్డలివాడు ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు, పడిపోయిన చెట్లన్నీ లేచి నిలబడి నినాదం ఇచ్చాయి. పాతికేళ్ళయింది. తర్వాత కాలేజీ ఫెస్టుల్లో, ఆఫీసు యాన్యువల్ డేల్లో, వినాయక చవితి పందిళ్ళలో పర్యావరణం మీద ఎన్ని గ్రూప్ డాన్సులు చూశానో లెక్కలేదు. గొడ్డలి పోయి ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి, అంతే. నల్లబట్టల్లో ఒక రాక్షసుడు వస్తాడు, అందరూ కలిసి వాణ్ణి చంపుతారు, మనం చప్పట్లు కొట్టి భోజనాల వైపు నడుస్తాం.

ఈ వ్యాసం ఆ రాక్షసుడి గురించి. కిందటేడు ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం అలాంటి డాన్స్ ఒకటి వేశాం. కామెంటరీ రాసే పని నా మీద పడింది. కాబట్టి ఇది బయట కూర్చుని చూసినవాడి రివ్యూ కాదు.

మేముండేది బెంగళూరులో, బెల్లందూరు చెరువు వైపు. సుమారు 900 ఎకరాల చెరువు. నగరం మురుగులో పెద్ద వాటా ఇందులోకే వచ్చేది. సబ్బుల్లో, డిటర్జెంట్లలో ఉండే రసాయనాలు ఆ మురుగుతో పాటు చేరతాయి. అలుగు దగ్గర నీళ్ళు కిందకి దూకి గాలి కలిసేసరికి నురగ. అది లేచి రోడ్డు మీదికొచ్చి బైకుల మీద పడేది. 2015 మేలో ఆ నురగ అంటుకుంది. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో మళ్ళీ చెరువులో మంటలు. నీళ్ళతో ఆర్పాల్సిన మంట నీళ్ళ మీదే లేస్తే ఎలా ఉంటుందో టీవీలో అందరం చూశాం.

మా బ్లాక్‌లో కూచిపూడి నేర్పే మేడమ్ ఉన్నారు. డాన్స్ ఆవిడే కట్టారు. చెరువు, విషం అనగానే ఎవరికైనా కాళీయమర్దనమే తడుతుంది. ఆవిడకీ అదే తట్టింది. పన్నెండుమంది ఆడవాళ్ళు నీలం చున్నీలతో చెరువు. ఒక బ్యాంకు ఉద్యోగి కాళీయుడు, నల్లబట్టలు, పడగలకి నల్ల చెత్త కవర్లు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు కృష్ణుడు. నిజం చెప్పాలంటే మొదటి రిహార్సల్‌లో నాకేం తప్పు కనపడలేదు.

రెండో రిహార్సల్‌లో కాళీయుడే అడిగాడు: "మేడమ్, ఇంతకీ నేనెవర్ని? ఫ్యాక్టరీనా, కార్పొరేషనా, బిల్డరా?"

అందరం నవ్వాం. మేడమ్ నవ్వలేదు. "మా కలాపంలో పాత్ర రంగం మీదికి వస్తే ముందు తానెవరో చెప్పుకోవాలండీ. ప్రవేశ దరువు ఉన్నదే అందుకు. మీరెవరో మీరే ఆలోచించి చెప్పండి" అన్నారు.

ఒక మంచి విమర్శకుడు పేజీలు పేజీలు రాసి తేల్చాల్సిన విషయం ఆ రెండు మాటల్లో ఉందని నాకు తర్వాత అర్థమైంది. మన పర్యావరణ నృత్యాల్లో రాక్షసుడికి ప్రవేశ దరువు ఉండదు. డ్రమ్స్ మోగుతాయి, ఎర్ర లైటు పడుతుంది, వాడు వస్తాడు. ఊరు, పేరు, అడ్రస్ చెప్పడు. చెబితే చిక్కు, ఎందుకంటే ఆ అడ్రస్ ప్రేక్షకుల్లోనే ఎక్కడో ఉంటుంది. పేరులేని రాక్షసుడు చచ్చిపోతే చూసినవాళ్ళందరూ నిర్దోషులుగా ఇంటికెళ్ళొచ్చు.

ఇంకో చిక్కు రంగుది. బెల్లందూరు కాలుష్యం ముందు కళ్ళకి నల్లగా కనపడలేదు, తెల్లగా, మెత్తగా కనపడింది. దూరం నుంచి చూస్తే అందంగానే ఉంది కూడా. మా పక్కింటి పాప దాన్ని చూసి మంచు అనుకుంది. ఇంత తెల్లటి విషానికి నల్లబట్టలు వేస్తే మనం చూసిన చెరువును మనమే చూడలేదన్నట్టు.

కాళీయుడి కథలో మనం దాటేసే సంగతి కూడా ఒకటుంది. భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు కాళీయుణ్ణి చంపడు, భార్యాపిల్లలతో సహా సముద్రానికి పొమ్మంటాడు. యమున బాగుపడుతుంది, విషం మాత్రం ఇంకో చోటికి మారుతుంది. దీన్ని భక్తుడు కరుణ అంటాడు. మురుగునీటి పైపులు చూసినవాడికి ఇంకోటి గుర్తొస్తుంది. బెల్లందూరు నీళ్ళు వర్తూరు చెరువుకి, అక్కణ్ణుంచి దక్షిణ పినాకినికి, అలా తమిళనాడు మీదుగా సముద్రానికి పోతాయి. మేమూ కాళీయుణ్ణి రోజూ కింది ఊళ్ళకి పంపిస్తూనే ఉన్నాం.

మూడో రిహార్సల్‌కి మేడమ్ కాళీయుణ్ణి తీసేశారు. కొత్త ప్లాన్ ఇది. చెరువుగా నిలబడ్డ పన్నెండుమందీ ఒక్కో ఇంటిపని అభినయిస్తారు. ఒకావిడ గిన్నెలు తోముతుంది, ఒకావిడ పసిపిల్లకి తలంటుతుంది, ఒకావిడ మూత కొలిచి వాషింగ్ మెషీన్‌లో లిక్విడ్ పోస్తుంది. పని అయ్యాక కొంగులోంచి తెల్లటి గుడ్డ ఒకటి తీసి నేల మీద వదిలి, మళ్ళీ మొదటికొస్తుంది. ఆదితాళం, ఎనిమిది అక్షరాలు. మొదటి ఆవర్తంలో ఒక్కతే, రెండో ఆవర్తంలో ఇద్దరు, పన్నెండో ఆవర్తానికి అందరూ.

గ్రూప్ డాన్స్ అంటే అందరూ ఒకేసారి ఒకే స్టెప్ వేయడం అనుకుంటాం. అది బాగుంటుంది, ఈల వేయిస్తుంది కూడా. కానీ ఒకేసారి వేసే స్టెప్ ఐకమత్యాన్ని చూపిస్తుంది, పోగుపడటాన్ని చూపించలేదు. కాలుష్యం పోగుపడే విషయం. ఎవరి పని వాళ్ళు, ఎవరి టైముకి వాళ్ళు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకుండా చేస్తే తయారయ్యేది. ఒకరి తర్వాత ఒకరు అదే అడుగు అందుకునే పద్ధతిలో అది కళ్ళెదుట పెరుగుతుంది. వ్యాసం అంకెతో చెప్పేదాన్ని గుంపు శరీరంతో చెప్పగలదు. కట్టేవాళ్ళకి ఉన్న అసలు వనరు అదే, మనం దాన్ని రాక్షసుడి చుట్టూ తిప్పి వృథా చేస్తాం.

క్రిస్టల్ పైట్, సైమన్ మెక్‌బర్నీ కలిసి 2022లో నెదర్లాండ్స్ డాన్స్ థియేటర్ కోసం చేసిన 'ఫిగర్స్ ఇన్ ఎక్స్‌టింక్షన్' మొదటి భాగం క్లిప్పులు ఆ రోజుల్లోనే చూశాను. అంతరించిపోయిన జీవుల పేర్లు ఒక్కొక్కటే వినిపిస్తుంటాయి, డాన్సర్లు వాటిని ఒంటి మీదికి తెచ్చుకుని వదిలేస్తుంటారు. అక్కడా జాబితానే, అక్కడా ఒక్కొక్కటిగానే. వాళ్ళ శిక్షణతో, లైటింగుతో మాకు పోలికేంటి! అయినా ఒక తేడా రాయాలనిపిస్తోంది. వాళ్ళది పోయినవాళ్ళ జాబితా, మాది పోస్తున్నవాళ్ళ జాబితా. మొదటిది చూస్తే దుఃఖం వస్తుంది. రెండోది చూస్తే ఇంటికెళ్ళి బట్టలు ఉతకాలంటే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది మాకు కావాలి.

ముగింపు కూడా మేడమ్‌దే. స్టేజి తెల్లగా నిండిపోయాక కృష్ణుడు వస్తాడు. తొక్కడానికి కుడికాలు ఎత్తుతాడు. పడగ లేదు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. కాలు గాల్లోనే ఉంటుంది. మృదంగం ఆగిపోతుంది. లైట్లు ఆరిపోతాయి.

ఉగాది సాయంత్రం జరిగింది అది కాదు.

పిల్లవాడి అమ్మమ్మ, "పండగపూట కృష్ణుడు ఓడిపోవడమేంటమ్మా" అన్నారు. ఆవిడ బాధ అబద్ధం కాదు. దాంతో కాలు దించాడు, వేణువు పట్టుకుని నవ్వాడు, స్పీకర్లో "చెరువును కాపాడుకుందాం" అని వచ్చింది. 'కాపాడుకుందాం' భలే మాట. అందులో అందరూ ఉంటారు, కాబట్టి పట్టుకుని అడగడానికి ఎవరూ దొరకరు. జనం లేచి చప్పట్లు కొట్టారు. గిన్నెల దగ్గరా, తలంటు దగ్గరా నవ్వినవాళ్ళు పదో ఆవర్తం దగ్గర ఊరుకున్నారు. అది నేను పక్కనుంచి చూశాను. ఆ నిశ్శబ్దం ఇంకో నిమిషం నిలిచేది. మేం నిలవనివ్వలేదు.

నా తప్పు వేరే ఉంది. కామెంటరీలో ఒక వాక్యం రాశాను: మా అపార్ట్‌మెంట్ మురుగుశుద్ధి ప్లాంటులో మోటారు మూడు నెలలుగా పనిచేయడం లేదని. అంటే మా ఇంటి నురగ నేరుగా కాలువలోకే పోతోందని. కమిటీలో ఒకాయన స్క్రిప్ట్ చూసి, చాలా మర్యాదగా, "ఇవన్నీ మీటింగులో మాట్లాడుకుందాం, స్టేజి మీదెందుకండీ" అన్నారు. నేను వాదించలేదు. ఫ్లాట్ అద్దెకివ్వాలనుకుంటున్నాను అప్పుడు. ఫోన్ తీసి ఆయన ముందే డిలీట్ చేశాను. ఆ ఒక్క వాక్యంలోనే డాన్స్ మొత్తానికి ప్రవేశ దరువు ఉంది. ఇక కాళీయుడెవరో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. పేరులేని రాక్షసుల మీద ఇంత రాశానే, ఆ పేరు నా చేతిలో ఉన్నప్పుడు నేనే తుడిపేశాను.

మోటారు మరో రెండు నెలలకి బాగుచేశారు, డాన్స్ వల్ల కాదు, నోటీసు వచ్చిందని. ఈ ఉగాదికి మళ్ళీ అదే డాన్స్ వేద్దామని గ్రూపులో అడుగుతున్నారు. కాలు దించకుండా ఉంచితే చేస్తానని మేడమ్ అన్నారు. పిల్లవాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, ఒంటికాలి మీద ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడగలడు. నన్ను కామెంటరీ రాయమన్నారు. ప్లాంటు ఇప్పుడెలా ఉందో ముందు కిందకెళ్ళి చూసొచ్చి రాస్తానన్నాను.