తినని సాలీడు – తప్పెవరిది?

సిరిసిల్ల మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన విద్యార్థికి సాలీడు అనగానే నేత స్ఫురించడం సహజం. కాని చెట్టు తొర్రలలో నివసించే పెద్ద సాలీళ్లు తొర్ర లోపల దారం పరచుకొంటాయే తప్ప వల పన్ని వేటాడవు. రాత్రివేళ పొంచి ఉండి, కాళ్ల రోమాలకు తగిలే కంపనాలను బట్టి ఎరను పట్టుకొంటాయి.

వీటిని పెట్టెలలో పెంచేవారికి ఇచ్చే సూచనలలో గుణమూ ఉన్నది, దోషమూ ఉన్నది. బెరడును నిలువుగా అమర్చి, చీకటిని, నీటిని కల్పించుమనడం గుణమే. తినకపోతే ఎరను మార్చి మార్చి ముందు పెట్టుమనడం దోషం. కుబుసం విడిచే ముందు సాలీడు వారాల తరబడి తినదు. విడిచిన పిమ్మట కోరలు గట్టిపడే వరకు తినలేదు. ఆ సమయంలో పెట్టెలో వదలిన కీచురాయే మెత్తని సాలీడును కొరికి చంపవచ్చు. కనుక ‘ఎలా తినిపించాలి?’ అనడానికి ముందు ‘ఎందుకు తినడం లేదు?’ అని అడగడమే శాస్త్రీయ దృష్టి.

అంతకంటె పెద్ద లోపం, ఆ జీవి ఎక్కడిదో తరచు విస్మరించడం. పలు దేశాలవారు ముచ్చటపడి పెంచే నీలి సాలీడు మన గుత్తిలో దొరికినదే. 1899లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పోకాక్ దానిని వర్ణించాడు. మరల 2001లో నంద్యాల–గిద్దలూరు అడవిలో కనబడింది. దాని ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. 2019లో ఈ ప్రజాతి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ వచ్చింది.

జగిత్యాల మామిడి తోటలోనో, కోరుట్ల చెట్ల తొర్రలోనో పెద్ద సాలీడు కనబడితే సీసాలో బంధించవద్దు. చీకటి పడ్డాక దూరంగా నిలిచి చూడండి. ఆకలైతే అదే బయటికి వస్తుంది.