ఒక్క 'పార్లే' చాలు!

ఫ్రెంచి అనగానే మనవాళ్లు ఉచ్చారణకు బెదిరిపోతారు. ముక్కుతో పలకాలట, సగం అక్షరాలు మింగెయ్యాలట! నన్నడిగితే ఆ భాష సొగసంతా క్రియలో ఉంది. ఒక్క క్రమక్రియను అన్ని కాలాల్లో నోటికి తెచ్చుకున్నవాడు గడప దాటి నట్టింట్లోకి వచ్చేసినట్టే. ఎందుకంటే ఫ్రెంచి క్రియల్లో పదింట తొమ్మిది, రాతలో చివర 'ఇ-ఆర్' వచ్చే ఈ క్రమక్రియల గుంపువే. కొత్తగా పుట్టే క్రియలు కూడా దాదాపు అన్నీ ఇందులోనే చేరతాయి.

'మాట్లాడు' అనే అర్థమున్న 'పార్లే' తీసుకోండి. చివరి 'ఇ-ఆర్' తీసేసి ప్రత్యయాలు తగిలించాలి. జు పార్ల్ (నేను), తు పార్ల్ (నువ్వు), ఇల్ పార్ల్ (అతను), ను పార్లొఁ (మేము), వు పార్లే (మీరు), ఇల్ పార్ల్ (వాళ్లు). రాతలో అయిదు రూపాలు, పలుకులో మూడే! 'నువ్వు' రూపానికి చివర 'ఎస్', 'వాళ్లు' రూపానికి 'ఇ-ఎన్-టి' రాస్తారు కానీ పలకరు. తెలుగులో 'మాట్లాడతాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. ఫ్రెంచిలో ప్రత్యయం చాలాచోట్ల వినబడదు కనుక కర్తను వదలడానికి వీల్లేదు. మన పిల్లలు తడబడేది ఇక్కడే. తు, వుల తేడా మాత్రం మనకెవరూ నేర్పక్కర్లేదు. నువ్వు, మీరు అంతే. ఇంగ్లీషువాళ్లు దీనికి నానా అవస్థా పడతారు.

పనితనం చూడాలంటే 'ప్రేమించు' అనే 'ఎమే' దగ్గరికి రండి. అతను ప్రేమిస్తాడనడానికి 'ఇలెమ్', వాళ్లు ప్రేమిస్తారనడానికి 'ఇల్‌జెమ్'. అచ్చు తగలగానే 'వాళ్లు' అనే 'ఇల్' చివరి మూగ 'ఎస్' నోరు విప్పి 'జెడ్'గా పలికింది, ఏకవచనం బహువచనమైంది. ఎంత పొదుపు! 'తిను' అనే 'మాఁజే' క్రియకు 'మేము' రూపంలో అదనంగా ఒక 'ఇ' రాస్తారు. అది లేకపోతే 'జ' కాస్తా 'గ' అయిపోతుంది. ఇలాంటివాటిని మినహాయింపులని విసుక్కునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెవికి ద్రోహం చెయ్యకుండా రాతను సర్దిన నేర్పు అది.

భవిష్యత్తుకైతే 'ఇ-ఆర్' తియ్యనే అక్కర్లేదు. 'పార్లే' రాతను మొత్తంగా ఉంచి 'కలిగియుండు' అనే 'అవ్వార్' క్రియ తోకలు తగిలించడమే. లాటిన్ కాలంలో విడివిడిగా ఉన్న మాటలే ఇలా అతుక్కున్నాయంటారు. ఇక గతంలో సాగుతూ ఉన్న పనిని చెప్పే 'ఇంపార్ఫే' కాలానికి కీలకం 'మేము' రూపం. దాని తోక తీసి కొత్త తోక పెడితే సరి. 'ఉండు' అనే 'ఎత్ర్' ఒక్కటి తప్ప ఫ్రెంచి క్రియలన్నీ ఈ సూత్రానికి లొంగుతాయి.

మహానుభావులైన ఫ్రెంచి రచయితలు ఈ కాలాలతో ఏం చేశారో చూడండి. ఫ్లోబేర్ ఇంపార్ఫేతో పల్లెటూరి విసుగును పేజీలకు పేజీలు సాగదీశాడు, అదీ విసుగు పుట్టకుండా! ఆయన క్రియాకాలాలు లోకాన్ని చూసే చూపునే మార్చాయని 1920లో ప్రూస్త్ వ్యాసమే రాశాడు, ఏకంగా కాంట్ తత్త్వంతో పోల్చాడు. 1942లో కామూ 'లెత్రాఁజే' నవలకు సాహిత్యపు గతకాలాన్ని పక్కనపెట్టి, జనం మాట్లాడుకునే 'పాసే కొంపోజే' వాడాడు. ఒక్క కాలం మార్చి కథ గొంతే మార్చేశాడు. వీళ్లకు నేను వీరాభిమానిని, దాచుకోను. 1840లలో ఎనిమిది వేల క్రియల పట్టికలు కూర్చిన బెషెరెల్‌కూ అంతే. ఆయన పేరే ఇవాళ అక్కడ క్రియల పుస్తకానికి పేరైపోయింది.

మరి మన దగ్గర? 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం మన గోదావరి ఒడ్డునే ఉంది. అయినా ఇవాళ ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచి తీసుకునేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది మార్కులే. గైడు కొనడం, జవాబులు బట్టీ పట్టడం, నూటికి తొంభై పైన తెచ్చుకోవడం, మరుసటి నెలకు మరిచిపోవడం! అలాంటి ఒకబ్బాయిని 'పార్లే' క్రియకు 'మేము' రూపం చెప్పమంటే బిక్కమొహం వేశాడు. మార్కులు చూస్తే తొంభై ఏడు. తెలుగు వదిలేసి ఇటొచ్చారు, ఇదీ రాలేదు. ఇంకోపక్క ఫోన్లలో యాప్‌లు. రంగు గడుల్ని నొక్కితే చప్పట్లు, బహుమతులు. నోరు మెదపకుండా భాష వస్తుందా?

పాతకాలపు సంస్కృత పాఠశాలలో 'రామః రామౌ రామాః' అని గొంతెత్తి వల్లించినట్టే క్రియ కూడా పైకి చదవాలి. వల్లించడం వేరు, బట్టీ వేరు. వల్లించినవాడు ఒక క్రియ పట్టుకుని వెయ్యి క్రియలు నడపగలడు, బట్టీ పట్టినవాడికి ఆ ఒక్క జవాబే గతి.

అందుకే అయ్యా, అమ్మా, పంతుళ్లూ! మార్కుల లెక్క కాసేపు పక్కన పెట్టండి. రోజుకొక్క క్రియ, ఆరు రూపాలు, మూడు కాలాలు, తరగతి గది మారుమోగేలా పిల్లలచేత చెప్పించండి. ఫ్రెంచి రావడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.