మూడు ఫింగర్లూ ఒక్కసారే తాకాలి

పాత మాసీ ఫెర్గూసన్ 1035కి క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని నడుమకి విడగొట్టాల్సిందే. దీనికి విడిగా ఛాసిస్ లేదు. ఇంజనూ, గేర్ బాక్సూ ఒకదానికొకటి బిగిస్తేనే ట్రాక్టరు. అందుకే మా మేస్త్రి ముందుగా రెండు చెక్క ముక్కలు చెక్కుకుంటాడు. ముందు యాక్సిల్ నడిమి పిన్ను మీద ఊగుతుంది కదా, బోల్టులు వదలగానే ఇంజను పక్కకి ఒరిగిపోకుండా యాక్సిల్ మీద అటూ ఇటూ ఆ చెక్కలు దిగ్గొడతాడు. ఆ తర్వాతే జాకీలు.

దమ్ములో సగం క్లచ్ మీద నడిచిన బండి ప్లేటు ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. లైనింగ్ అరిగి రివెట్లు పైకి తేలతాయి, ఫ్లైవీల్‌ని గీకేస్తాయి. ప్లేటుకి నూనె తడి కనిపిస్తే మాత్రం ఆయన పని ఆపేస్తాడు. క్రాంక్ వెనక సీలో, గేర్ బాక్స్ సీలో తేల్చి మార్చందే కొత్త ప్లేటు పెట్టడు. రైతు ఎంత తొందరపెట్టినా సరే. ఆ పట్టుదలంటే నాకు గౌరవం.

ప్లేటు నడిమికి రావడానికి పాత షాఫ్టు ముక్కని గైడుగా దూర్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తాడు. అసలు పనితనం ఇక మొదలు. ప్రెషర్ ప్లేటుని వెనక్కి లాగే మూడు ఫింగర్ల ఎత్తూ ఒకేలా ఉండాలి. ఒకటి ఎత్తుగా ఉంటే, పెడల్ తొక్కినప్పుడు బేరింగ్ దాన్నే ముందు నొక్కుతుంది, ప్లేటు వంకరగా వదులుతుంది, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. స్కేలు పెట్టి కొలుస్తాడు, నట్టు కాస్త తిప్పుతాడు, మళ్లీ కొలుస్తాడు. అరగంట పట్టినా విసుక్కోడు.

కలిపేటప్పుడు షాఫ్టు పళ్లు కుదరకపోతే ఫ్లైవీల్‌ని కొంచెం తిప్పుతాడే గాని, బోల్టులతో లాగి దగ్గరికి తేడు. అలా లాగితే కొత్త ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది.

ఆఖరున పెడల్ ఫ్రీ, అంటే పెడల్ ఆట. ప్లేటు అరిగేకొద్దీ ఫింగర్లు బేరింగ్ వైపు జరుగుతాయి, పెడల్ ఆట తగ్గిపోతుంది. అది బొత్తిగా పోతే బేరింగ్ ఊరికే తిరుగుతూ ఉంటుంది, క్లచ్ జారుతుంది. రాడ్డు సరిచేసి, పెడల్ని చేత్తోనే నొక్కి చూసి, లాక్‌నట్టు బిగిస్తాడు. డ్రైవర్‌తో ఒక్కటే చెప్తాడు: “నాలుగు రోజులు దున్నాక మళ్లీ తీసుకురా, ఫ్రీ చూస్తాను.”