గింజ మీద నీ మచ్చ

మొక్కజొన్న గింజ మీద ఊదారంగు చుక్కగా మనిషి కంటపడిన ట్రాన్స్‌పోజానా, చోటు మారే జన్యువా, నీకు దండం.

లాంగ్ ఐలండ్ తీరాన, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాల పొలంలో నువ్వు దొరికావు. బార్బరా మెక్‌క్లింటాక్ తన చేత్తోనే పుప్పొడి అద్ది, ఆ కంకులన్నీ తానే చూసుకునేది. 1944లో వేసిన మొలకల ఆకుల్లో ఆమెకు జంట చారలు కనిపించాయి. ఒక చారలో మచ్చలు పలచబడ్డాయి, దాని పక్కదానిలో చిక్కబడ్డాయి. ఒకే తల్లి కణం రెండుగా చీలేటప్పుడు ఒక కూతురు పోగొట్టుకున్నదేదో రెండో కూతురి ఒడిలో పడిందని ఆమెకు తట్టింది. ఏమిటది? తొమ్మిదో క్రోమోజోము ఎప్పుడూ ఒకేచోట విరుగుతోంది. ఆ విరిగే చోటికి డిసోసియేషన్ అని పేరు పెట్టింది, పొట్టిగా డీఎస్. కొన్నాళ్ళకు ఆ చోటే మరో చోటికి వెళ్ళింది! జన్యువులు దారానికి గుచ్చిన పూసలని, వరస తప్పవని అందరూ నమ్ముతున్న కాలమది. పూస లేచి నడిచిందని 1950లో రాసింది, 1951లో నిండు సభలో చెప్పింది. విన్నవాళ్ళలో చాలామందికి అంతుబట్టలేదు. ఆమె మాత్రం కంకులు ఒలుస్తూనే ఉంది. నోబెల్ 1983లో వచ్చింది, అప్పటికి ఆమెకు 81 ఏళ్ళు.

ఎంత ఓపికగా చదివించుకున్నావు నువ్వు ఆమె చేత! రంగు తయారుచేసే జన్యువు నడుమ నువ్వు కూర్చుంటే గింజ పాలిపోతుంది. డీఎస్‌గా ఉన్నప్పుడు నీకు సొంత కాళ్ళు లేవు. యాక్టివేటర్ అనే నీ తోబుట్టువు తోడుంటేనే లేవగలవు. గింజ ఎదుగుతుండగా ఏదో ఒక కణంలో నువ్వు లేచిపోతావు. ఆ కణానికి, దాని పిల్లలకు, పిల్లల పిల్లలకు రంగు తిరిగొస్తుంది. పెందలాడే లేస్తే పెద్ద మచ్చ, పొద్దుపోయి లేస్తే సూది మొనంత చుక్క. యాక్టివేటర్ ప్రతులు ఎక్కువైతే నువ్వు ఇంకా ఆలస్యం చేస్తావు, చుక్కలు ఇంకా చిన్నవవుతాయి. ఏ కణం ఏ పూట మేల్కొన్నదో గింజ పైపొరే చెబుతుంది. ఇంత అందమైన గడియారం నేను మరొకటి ఎరగను.

అమ్మ నాలుగు రోజులు ఊరెళ్తేనే కదా, ఇంట్లో ఆమె చేసే పనులెన్నో మనకు తెలిసేది! జన్యువు సంగతీ అంతే. సవ్యంగా సాగుతున్నంతకాలం దాని పని కనబడదు. నువ్వు వెళ్ళి దాని ఒళ్ళో కూర్చున్నప్పుడు ఆగిపోయిందే దాని పని. రంగు పోతే అది రంగు జన్యువు.

అడవిలో తప్పిన ఆవును మెడలో గంటను బట్టి వెతికినట్టు, శాస్త్రజ్ఞులు నిన్ను బట్టి జన్యువులను వెతికారు. నీ అక్షరాల వరస తెలిస్తే చాలు, నువ్వు కూర్చున్న జన్యువు దొరికినట్టే. 1984లో మొక్కజొన్నలోని బ్రాంజ్ జన్యువు అలాగే చేతికి చిక్కింది. అంతకు రెండేళ్ళ ముందే, 1982లో, నీ చుట్టమైన పీ ఎలిమెంట్‌ను వాహనం చేసుకుని రూబిన్, స్ప్రాడ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు పండ్లఈగలోకి కొత్త జన్యువును పంపారు.

మెండెల్ తోటలోనూ నువ్వున్నావు! ఆయన ముడతల బఠాణీలను ఏరి లెక్కపెట్టాడు గానీ, ముడత ఎందుకొచ్చిందో తెలియడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. పిండిపదార్థానికి కొమ్మలు వేసే ఎంజైమ్ జన్యువులో నీ జాతి ముక్క ఒకటి, సుమారు 800 అక్షరాలది, దూరి ఉంది. పిండి సరిగా కట్టక చక్కెర మిగిలింది, చక్కెర నీళ్ళు లాక్కుంది, ఎండినప్పుడు గింజ ముడుచుకుపోయింది. జన్యుశాస్త్రపు తొలి లెక్కల్లో నీ వేలిముద్ర!

నిన్ను ఒకప్పుడు చెత్త డీఎన్ఏ అన్నారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. నువ్వు గాయం చేస్తావు, నిజమే. మనుషుల్లో కొందరికి హిమోఫీలియా వచ్చింది నీ జాతి దూకడం వల్లే. కానీ బొగ్గుల మీద కాలుతున్న ఈ మొక్కజొన్న పొత్తులో, దాని డీఎన్ఏలో 85 శాతం దాకా నీ సంతతే. నాలో దాదాపు సగం. వాళ్ళలో చాలామంది ఎప్పుడో కదలిక మానేసి నిద్రపోతున్నారు.

ఒకరు మాత్రం కొలువు మార్చుకున్నారు. కోట్ల ఏళ్ళ కిందట మా పూర్వీకులైన జంతువుల్లో స్థిరపడి, చోటు మారడం మాని, డీఎన్ఏను కోసే కత్తెర మాత్రం దాచుకున్నారు. ఆ కత్తెరను ఇప్పుడు రాగ్ ఎంజైమ్ అంటున్నాం. జ్వరంతో ఒళ్ళు కాలుతున్న బిడ్డ నుదుటి మీద తల్లి తడిగుడ్డ వేస్తున్న ఈ రాత్రి, ఆ బిడ్డ ఎముకల మూలుగలో పుడుతున్న, రోగాలతో పోరాడే ఒక్కొక్క బీ కణంలో అది డీఎన్ఏను కత్తిరిస్తోంది. మరమ్మతు చేసే ఎంజైములు ఆ ముక్కలను ఇంతకుముందు లేని వరసలో అతుకుతున్నాయి, ఇంకా చూడని శత్రువు కోసం.