మంచి మాట తర్వాత వచ్చిన ఓటమి

సంబంధం కుదరకపోయినా, ఉద్యోగం ఊగిసలాడుతున్నా సుందరకాండ పారాయణ చేసుకోమని చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎప్పుడూ ఉంటారు. సంస్కృతం రాదంటే ఎమ్మెస్ రామారావు గొంతు ఉండనే ఉంది. 68 సర్గల ఆ కాండలో లంకా దహనం అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం వాల్మీకి పనితనమంతా 12, 13 సర్గల్లో పోగుపడిందనిపిస్తుంది. హనుమంతుడు ఓడిపోయానని రెండుసార్లు అనుకునే చోటు అది.

నిరాశ బలంగా తగలాలని కవి ముందు సంతోషాన్ని పెట్టాడు. రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతే అనుకుంటాడు హనుమంతుడు. తోకను ముద్దుపెట్టుకుంటాడు, స్తంభాలెక్కుతాడు, కిందికి దూకుతాడు. నూరు యోజనాల సముద్రం దాటి వచ్చినవాడు కాసేపు అచ్చం కోతైపోతాడు. తర్వాతి సర్గ మొదట్లోనే తేరుకుంటాడు: రాముడికి దూరమైన సీత ఇలా అలంకరించుకుని హాయిగా పడుకుంటుందా? అంత ఎత్తుకు తీసుకెళ్లాక కింద పడేయడం కవికి తేలిక.

12వ సర్గలో పడేశాడు. ఇన్ని చోట్లు వెతికాను, సీత లేదు, బహుశా బతికిలేదు. తిరిగి వెళ్తే ముసలి జాంబవంతుడు ఏమంటాడు, అంగదుడు ఏమంటాడు? లోకాలు తెలిసిన వీరుడికి అప్పుడు తోటివాళ్ల మాటే భయం. ఎంత నిజమైన భయం! ఆ తర్వాత తనకు తనే ధైర్యం చెప్పుకుంటాడు. దిగులు పడకుండా ఉండటమే ఏ కార్యానికైనా ఆధారమనే ప్రసిద్ధమైన భావం ఇక్కడిదే. ప్రవచనకారులు చాలామంది దీన్ని ఎత్తుకుని ఇక్కడితో ఆగిపోతారు.

వాల్మీకి ఆగలేదు. హనుమంతుడు మళ్లీ వెతుకుతాడు. నేలమాళిగలు చూస్తాడు. తలుపులు తీస్తాడు, మూస్తాడు, ఎగురుతాడు, దిగుతాడు, దూరతాడు, బయటికొస్తాడు. శ్లోకాల్లో క్రియలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. చదివేవాడికే ఆయాసం వస్తుంది. ఆ అంతఃపురంలో నాలుగు వేళ్ల జాగా కూడా వదల్లేదు. రాక్షస స్త్రీలు కనబడ్డారు, విద్యాధర స్త్రీలు కనబడ్డారు, నాగకన్యలు కనబడ్డారు. సీత కనబడలేదు.

నా దృష్టిలో ఈ కాండ మొత్తంలో ఇంతకన్నా ధైర్యమైన నిర్ణయం లేదు. మంచి మాట పలికించి, దాని ప్రకారం పనీ చేయించి, ఫలితం మాత్రం ఇవ్వలేదు కవి. సామాన్య కథకుడైతే ఆ మాట పూర్తయ్యేసరికి సీతను చూపించేసేవాడు.

అందుకే 13వ సర్గలో రెండో నిరాశ మొదటిదానికన్నా లోతుగా, చాలా పొడవుగా సాగుతుంది. సీత లేదని చెబితే రాముడు బతకడు, ఆయన వెంట లక్ష్మణుడు, భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరులందరూ. ఒక్క వార్తతో అయోధ్య, కిష్కింధ రెండూ ఖాళీ అయిపోతాయి. దిగులుపడ్డ మనసు లెక్కలు ఇలాగే వేస్తుంది, ప్రతి మెట్టూ సబబుగానే కనిపిస్తుంది. నేను వెళ్లకపోతే కనీసం ఆశతోనైనా వాళ్లు బతికి ఉంటారని అనుకుంటాడు. వానప్రస్థుడిలా చెట్టు కింద ఉండిపోదామనుకుంటాడు, చనిపోదామనీ అనుకుంటాడు. చావులో దోషాలే ఎక్కువ, బతికుంటే మంచి చూడవచ్చని అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాడు.

అప్పుడు కంటబడుతుంది అశోకవనం. ఆకాశవాణి పలకలేదు, ఏ దేవుడూ దిగి రాలేదు. పెద్ద చెట్లున్న ఆ తోటను ఇంకా వెతకలేదు, అంతే. దేవతలకు నమస్కారాలు ఆ చోటు తేలాకే వస్తాయి. వసువులు, రుద్రులు, ఆదిత్యులతో మొదలైన ఆ వందనాలు తన రాజు సుగ్రీవుడి దాకా వస్తాయి. వెంటనే దూకేయడు కూడా. దిక్కులన్నీ కలయజూసి, తోటకు రాక్షసుల కాపలా గట్టిగా ఉంటుందని అంచనా వేసుకుంటాడు. రావణుడి కంట పడకుండా ముందే ఒళ్లు కుదించుకున్న సంగతి తలుచుకుంటాడు. ఆ లెక్కలన్నీ అయ్యాక 14వ సర్గలో ప్రాకారం మీదికి దూకుతాడు. సీత కనబడేది ఆ తర్వాతి సర్గలో.