నంబరు చెప్పి పాడే పాట, ట్రాక్ పెట్టి పాడే పాట

హైదరాబాదు శివారు నార్సింగిలో క్రైస్తవ గానం ఇప్పుడు రెండు తీరుల్లో వినిపిస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లేచిన అపార్ట్‌మెంట్లలో గృహ కూడిక జరిగితే టీవీ తెర మీద సాహిత్యం, స్పీకర్లో ట్రాక్. పాత పద్ధతి ఆరాధనలో మాత్రం పెద్దాయన నంబరు చెబుతారు, అందరూ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరుస్తారు. ఇది కుర్రవాళ్లకూ పెద్దవాళ్లకూ మధ్య అభిరుచుల తేడా అనుకుంటే విషయం తేలదు. పాట ఎవరి గొంతు కోసం కట్టారో చూడాలి.

కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కింద పల్లవి, అనుపల్లవి, ఆపైన బారుగా చరణాలు. ఈ రూపానికి పెద్ద దిక్కు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంస్కృతం, ఒడియా, తెలుగు చదువుకుని, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. తను వింటూ పెరిగిన సంకీర్తన పద్ధతినే కొత్త విశ్వాసానికి పట్టుకొచ్చారు.

ఆ పాటలు ఎవరి నోట నిలిచాయన్నది నాకు అంతకన్నా పెద్ద విషయం. 1878 జూలైలో, మహా కరువు దాటుతున్న వేళ, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అక్షరం ముట్టనివ్వని సమాజంలోంచి వచ్చిన ఇలాంటి సంఘాల్లో సంస్కృత సమాసాలతో నిండిన కీర్తనలు తరాల పాటు మోగాయి. ఒకరు పాదం అందిస్తే తక్కినవాళ్లు అందుకునేవారు. పుస్తకంలో అచ్చయిన రాగం ఏదైనా, ఊరు తన వరసలో పాడుకుంది. అందుకే ఒకే కీర్తన జిల్లా మారితే వరస మారుతుంది. పండితుడి రచనను పల్లె తన గొంతుకు తగ్గట్టు దిద్దుకుంది. తెలుగు సాహిత్య చరిత్రలు ఈ సంగతికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నా ఫిర్యాదు.

ఇక తెర మీది పాట. హోసన్నా మినిస్ట్రీస్ అనే క్రైస్తవ సంస్థ ఏటా జరిపే గుడారాల పండుగ కూడికలకు కొత్త పాటలు తెస్తుంది. అవి నెలలోపే ఫోన్ల ద్వారా ఇల్లిల్లూ చేరతాయి. ఇంకా ఎందరో సేవకులు, గాయకులు ఇదే దారిలో ఉన్నారు. పాత పాటల్లో సిద్ధాంతం, కొత్త పాటల్లో భావావేశం అని కొందరు పెద్దలు విడగొడతారు. అది నిలవని మాట. చౌదరిగారి కీర్తనల్లో ఏడుపు తక్కువేమీ కాదు. కాకపోతే అక్కడ ఏడ్చేవాడు తన పాపాన్ని చూసి ఏడుస్తాడు, చరణం చరణానికీ సిలువ వైపు నడుస్తాడు. కొత్త పాటలో ఏడ్చేవాడు ఎక్కువగా దిక్కులేనివాడు, అలసినవాడు, తనవాళ్లు విడిచిపెట్టినవాడు. దేవుడు అతని పక్కన వచ్చి కూర్చుంటాడు.

నార్సింగిలో ఈ రెండోవాడు ఎందుకు ఇంత దగ్గరవాడయ్యాడో తెలుసుకోవడం కష్టం కాదు. ఉద్యోగం ఊడినా ఫ్లాటు ఈఎంఐ ఆగదు. అమ్మానాన్నలు ఏలూరులోనో ఖమ్మంలోనో ఉంటారు, పక్క ఫ్లాటువాళ్ల పేరు కూడా తెలియదు. అలాంటి మనిషికి వాడుక తెలుగులో ఓదార్పు చెప్పే పాట అవసరం. ఆ పని కొత్త పాట నిజంగా చేస్తోంది. గ్రాంథికం దగ్గరే ఆగిపోయే పిల్లలను కూడా అది ప్రార్థనలోకి తెచ్చింది. దాన్ని తేలిక పాట అని కొట్టిపారేయడం అన్యాయం.

నాకున్న అభ్యంతరం శ్రుతి దగ్గర. రికార్డయిన పాట తయారైన గొంతుకు తగ్గ స్థాయిలో ఉంటుంది. రెండో చరణానికి ముందు వాద్యం సాగుతుంది, ఆపైన గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. గృహ కూడికలో సరిగ్గా అక్కడే పెద్దవాళ్లు పాడటం ఆపి పెదవులు కదుపుతారు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. కీర్తనలోనైతే పాడించేవాడు మనుషుల్ని చూసి శ్రుతి దించుతాడు, పాదం మళ్లీ అందిస్తాడు. దాని పాదాలు పొట్టివి, మెట్లు దగ్గర దగ్గర. ఆ కట్టుబడి వల్లే అది కరెంటు లేకున్నా, పుస్తకం లేకున్నా సాగుతుంది.

చావు ఇంట్లో ఈ తేడా బయటపడుతుంది. కీర్తనల పుస్తకంలో పుట్టుక పాటలున్నాయి, పెళ్లి పాటలున్నాయి, భూస్థాపన పాటలూ ఉన్నాయి. కొత్త ఆల్బముల్లో చివరి రకం అరుదు. పెట్టె లేపే వేళ స్పీకరు వెతికేవాళ్లు ఉండరు. ఎవరో పెద్దమ్మ పాత కీర్తన ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు అందుకుంటారు.

వాడుక భాష ఉంటే సమూహగానం పోతుందనుకోనక్కర్లేదు. సువార్తికుడు భక్తసింగ్‌గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాల్లో పాడుకునే ‘సీయోను గీతములు’ సరళమైన తెలుగులోనే ఉంటాయి, చాప మీద కూర్చున్న సంఘమంతా పాడుతుంది. ఆ మార్గం నార్సింగికీ పనికొస్తుంది. ఇక్కడ అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉండే అన్నకూ, పై అంతస్తులో ప్రార్థన పెట్టుకునే ఇంజనీరుకూ చాలాసార్లు విశ్వాసం ఒకటే, ఆరాధన మాత్రం వేర్వేరు చోట్ల. ఇద్దరూ కలిసి పాడాలంటే ఇద్దరి గొంతుకూ అందే పాట కావాలి. కొత్త పాట కట్టేవారు స్టూడియోకు వెళ్లేముందు దాన్ని ఏ వాద్యమూ లేకుండా స్త్రీల సమాజం చేత ఒకసారి పాడించి చూడాలి. వాళ్లు ఆగిన చోట వరస మార్చి రికార్డు చేయాలి.