గోదాములోకి మళ్లీ సరుకు రావాలి

పాత గోదామును నిలబెట్టాలంటే అందులో ఏం పెట్టాలి? ఈ ప్రశ్నకు నగరాల్లో ఈమధ్య వస్తున్న జవాబులు దాదాపు ఒకేలా ఉంటున్నాయి: ఆర్ట్ గ్యాలరీ, కాఫీ షాపు, ఐటీ ఆఫీసు, లేదంటే ఫంక్షన్ హాలు. సున్నం గీకి ఇటుకలు కనపడేలా చేసి, దూలాలకు దీపాలు వేలాడదీస్తే వారసత్వాన్ని కాపాడినట్టేనని అనుకుంటున్నారు. వీటన్నిటికంటే గోదాముకు తగినది పచారీ కొట్టు అని నా అభిప్రాయం. ఉప్పు, పప్పు, నూనె, కూరగాయలు అమ్మే మామూలు కొట్టు. గోదామును ఎవరూ చూసి ఆనందించడానికి కట్టలేదు. సరుకు వచ్చి దిగడానికి, చెడకుండా కొన్నాళ్లు ఉండటానికి, మళ్లీ జనంలోకి వెళ్లడానికి కట్టారు. దాని వారసత్వం ఆ పనిలోనే ఉంది. ఆ పనికి దగ్గరగా ఉన్న వాడకాన్ని వెతకాల్సిన బాధ్యత మరమ్మతు చేసేవాళ్లది.

ఇందుకు నాకు తెలిసిన మంచి సాక్ష్యం న్యూయార్క్‌లో ఉంది. బ్రూక్లిన్ ఒడ్డున రెడ్ హుక్ అనే పేటలో, వాన్ బ్రంట్ వీధి నీళ్ల దగ్గర ముగిసే చోట, ఒక పెద్ద ఇటుక గోదాము నిలబడి ఉంది. ఐర్లండ్ నుంచి వచ్చిన విలియం బియర్డ్ అనే కాంట్రాక్టర్, అమెరికా అంతర్యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు, 1870 ప్రాంతంలో దాన్ని కట్టించాడు. ఓడల్లో వచ్చిన కాఫీ గింజలు అందులో నిల్వ ఉండేవి. 1960లలో కంటైనర్ ఓడలు పెరిగాక రేవు పని చాలావరకు న్యూజెర్సీ ఒడ్డుకు తరలిపోయింది. అప్పటికే గోవానస్ ఎక్స్‌ప్రెస్‌వే ఆ పేటను మిగతా బ్రూక్లిన్ నుంచి విడదీసి పెట్టింది. అక్కడికి సబ్‌వే రైలు రాదు. 1939లో తెరిచిన రెడ్ హుక్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలోనే 6 వేలకు పైగా జనం ఉంటారు. అలాంటి చోట మాజీ పోలీసు డిటెక్టివ్ గ్రెగ్ ఓకానెల్ పాత గోదాములు కొని బాగు చేయించడం మొదలుపెట్టాడు. కాఫీ గోదాము కింది అంతస్తులో 2006లో ఫెయిర్‌వే అనే పచారీ దుకాణం వచ్చింది, విస్తీర్ణం సుమారు 52 వేల చదరపు అడుగులు. పై అంతస్తుల్లో ఇళ్లు, పనిగదులు వచ్చాయి. ఈ అమరిక ముఖ్యమైనది. పచారీ వ్యాపారంలో వంద రూపాయల అమ్మకానికి మిగిలేది రెండు మూడు రూపాయలు. వందేళ్లు దాటిన కట్టడం మరమ్మతు ఖర్చును కింది కొట్టు ఒక్కటే మోయలేదు. పై అంతస్తుల అద్దె తోడైతేనే లెక్క కుదురుతుంది.

కట్టడం నిర్మాణం కూడా ఈ వాడకానికే మొగ్గుతుంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇంటి గది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోయగలగాలి, చిల్లర దుకాణం నేల 400 కిలోలు, గోదాము నేల కనీసం 750 కిలోలు. అంటే బస్తాల కోసం కట్టిన నేల, చెక్క పాడవకుండా ఉంటే, బియ్యం బస్తాల వరసల్నీ నూనె డబ్బాల అరల్నీ తేలిగ్గా మోస్తుంది. గోదాముకు కిటికీలు తక్కువ. ఆఫీసుకో ఇంటికో అది లోపం కాబట్టి గోడలు పగలగొట్టి కొత్త కిటికీలు పెడతారు. కొట్టుకు అది సౌకర్యం: అరలు ఆనించడానికి గోడ కావాలి, నూనెలూ ధాన్యాలూ ఎండ తగలకుండా ఉండాలి. మందపాటి ఇటుక గోడ పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది. బండి వచ్చి ఆగే చోటు, దించే తలుపు ఎలాగూ ఉంటాయి. చిక్కంతా చల్లబరిచే యంత్రాలతోనే. సున్నంతో కట్టిన పాత గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. దానికి సిమెంటు పూత వేసి, శీతల గదిని నేరుగా ఆనిస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. కాబట్టి శీతల గదిని గోడకు దూరంగా, విడిగా పెట్టెలా కట్టుకోవాలి. గొట్టాలు, తీగలు బయటికి కనపడేలా వేయాలి. రేపు తీసేయాల్సి వస్తే పాత గోడకు గాయం కాకూడదు. చెక్క దూలాల వల్ల అగ్ని భయం ఉందనేవాళ్ల మాటలో నిజం ఉంది కానీ సగమే. లావుపాటి దూలం పైపైన బొగ్గయి, లోపలి భాగం చాలాసేపు బరువు మోస్తుంది. నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు తోడైతే ఆ భయానికి తగిన జవాబు ఉంది.

పోల్చి చూడటానికి అదే బ్రూక్లిన్‌లో దాదాపు అదే కాలం నాటి ఎంపైర్ స్టోర్స్ ఉంది. అదీ కాఫీ గోదామే. దశాబ్దాలపాటు ఖాళీగా పడి ఉండి, ఈమధ్య బాగుపడింది. ఇప్పుడు అందులో ఆఫీసులు, దుకాణాలు, 2019లో వచ్చిన టైమ్ అవుట్ మార్కెట్ అనే ఫుడ్ హాలు ఉన్నాయి. కట్టడం చక్కగా నిలిచింది, దాన్ని తక్కువ చేయను. కానీ ఉల్లిపాయలూ పాలూ కొనుక్కునే పొరుగింటివాళ్లకు అక్కడ పనిలేదు. టొరంటోలో మరో రకం కథ. లోబ్లా అనే పచారీ కంపెనీ 1920ల చివర లేక్ షోర్ వీధిలో కట్టుకున్న సొంత గోదాము చాలా ఏళ్లు ఖాళీగా ఉండిపోయింది. చివరికి ముఖభాగాన్ని విడదీసి, కొత్త కట్టడానికి తిరిగి తొడిగి, లోపల అదే కంపెనీ దుకాణం తెరిచారు. సరుకు తిరిగొచ్చింది, గోదాము రాలేదు. బొత్తిగా కూల్చేయడం కంటే మేలే, అయినా నేల, స్తంభాలు, దూలాలు పోయాక మిగిలినదాన్ని పరిరక్షణ అనలేను. ఇక రెడ్ హుక్‌లోనే, 2008లో ఐకియా వచ్చినప్పుడు, అంతర్యుద్ధం నాటి ఓడల మరమ్మతు గుంటను పూడ్చి కార్ల పార్కింగ్ చేశారు. పోయినది మళ్లీ రాదు.

గోదాములో పచారీ కొట్టు పెట్టాలనే వాదనమీద వచ్చే ఆక్షేపణల్లో బరువైనది ధరల గురించి. ఇలాంటి దుకాణం దూరం నుంచి కార్లలో వచ్చే కలిగినవాళ్లకే తప్ప పేటవాళ్లకు కాదని, పైగా అద్దెలు పెంచి పాత కాపురస్తుల్ని తరిమేస్తుందని అంటారు. ఈ మాటను నేను కొట్టిపారేయను. అద్దెలు పెరగడం ఎన్నో పేటల్లో నిజంగా జరిగింది. కానీ గ్యాలరీ వచ్చినా, ఆఫీసు వచ్చినా అద్దెలు పెరిగే తీరుతాయి. కొట్టయితే పేదింటి మనిషి లోపలికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ రావడం రోజూ జరుగుతుంది. రెండో ఆక్షేపణ, వ్యాపారం నిలవదని. నిజానికి ఫెయిర్‌వే సంస్థ 2016లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. అయితే రెడ్ హుక్ దుకాణం ఫుడ్ బజార్ చేతికి వెళ్లింది. రకరకాల దేశాల నుంచి వచ్చిన వలసవాసుల పేటల్లో పెరిగిన సంస్థ అది. కంపెనీ మారింది, పచారీ కొట్టు నిలిచింది. గోడలను, నేలను కంపెనీ రుచికి తగ్గట్టు కోసేయకపోతే వచ్చేవాళ్లకు దారి తెరిచే ఉంటుంది. మూడోది నీటి భయం. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను నీళ్లు దుకాణమంతా ముంచెత్తాయి. సరుకు, యంత్రాలు పోయాయి. ఇటుకా దూలాలూ తట్టుకున్నాయి. 2013 మార్చిలో దుకాణం మళ్లీ తెరిచారు. అయినా రేవు గోదాములన్నిటికీ ఈ ప్రమాదం ఉంటుంది కాబట్టి విద్యుత్ పెట్టెలు, కంప్రెసర్లు నేలమీద పెట్టకుండా పైకి ఎత్తాలి. ఆ ఖర్చు మొదటి అంచనాలోనే చేరాలి.

మన దగ్గర ఈ దారికి దగ్గరైన ఉదాహరణ హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్‌ను మరమ్మతు చేసి 2020లో తిరిగి తెరిచారు, మ్యూజియంగా మార్చలేదు. ఇవాళ్టికీ అక్కడ దుకాణాలు నడుస్తున్నాయి, ఐస్‌క్రీమ్ కోసం జనం వస్తున్నారు. మార్కెట్‌కు చేసినది గోదాములకూ చేయొచ్చు. కాకినాడ లాంటి పాత రేవు పట్టణాల్లోనూ, రైల్వే గూడ్స్ షెడ్ల దగ్గరా ఖాళీగా ఉన్న కట్టడాలు ఉన్నాయి. మరోవైపు 1999లో మొదలైన రైతు బజార్లు చాలాచోట్ల రేకుల కప్పు కింద ఎండకూ వానకూ ఇబ్బంది పడుతున్నాయి. పాత గోదామును లీజుకిచ్చే ప్రతి మున్సిపాలిటీ, పోర్టు, రైల్వే అధికారికి నా విన్నపం ఒక్కటే. టెండరు పత్రంలో కింది అంతస్తు నిత్యావసర సరుకులకే అని రాయండి, అందులో కొంత జాగా రైతులకూ పొదుపు సంఘాల మహిళలకూ తక్కువ అద్దెకు కేటాయించండి. పై అంతస్తుల్లో గ్యాలరీ పెట్టుకోండి, ఆఫీసు పెట్టుకోండి. కింద మాత్రం బియ్యం, పప్పు, కూరగాయలు ఉండాలి.